పెరట్లో పురుగుమందు: కుక్కకు, పిల్లికి ముప్పు ఎక్కడి నుంచి?

క్లుప్తంగా: పిచికారీ చేసి ఆరిన ఆకు కంటే గుళికలు, విషపు ఎరలు, నీళ్లు కలపని చిక్కటి మందు, ఆముదం పిండి లాంటి ఎరువులే పెంపుడు జంతువులకు ఎక్కువ ప్రమాదం. డబ్బా మీది త్రికోణం రంగు చూసి కుక్కకు, పిల్లికి ఏమీ కాదని అనుకోవడానికి లేదు. విషం లోపలికి పోయినప్పుడు చింతపండు రసం, ఉప్పునీళ్లు మేలు చేయకపోగా కీడు చేస్తాయి. లోపలికి పోయింది ఏ మందో దాన్ని బట్టి విరుగుడు మారుతుంది కాబట్టి మందు పేరు తెలియడమే చికిత్సలో సగం.

పొలం మందు పెరట్లోకి వచ్చే దారి

నెల్లూరులో ఇంటి ముందు నిమ్మచెట్టుకు ఆకు తొలిచే పురుగు పట్టినా, ఒంగోలులో మిద్దె మీద వంగకు పిండినల్లి పట్టినా మందు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పురుగుమందుల దుకాణం. రెండోది, ఎక్కువ ఇబ్బంది తెచ్చేది, పొలంలో మిగిలిపోయిన సీసా. పొదలకూరు వైపు నిమ్మతోటకో, టంగుటూరు, కొండపి వైపు పొగాకుకో, మిరపకో కొన్న డబ్బాలో అడుగున మిగిలినది ఊరి నుంచి సంచిలో ఇంటికి చేరుతుంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరు నీటికి 0.3 నుంచి 0.5 మి.లీ. సరిపోతుంది. పది కుండీలకు రెండు లీటర్ల ద్రావణం చాలు. అంటే కావలసిన మందు ఒక మి.లీ.కి మించదు. చేతికి వచ్చేది మాత్రం 100 లేదా 250 మి.లీ. సీసా. అంత చిన్న మోతాదు కొలిచే సాధనం ఇంట్లో ఉండదు కాబట్టి సీసా మూతే కొలత అవుతుంది. ఒక మూత 5 మి.లీ. పట్టినా బకెట్టు నీళ్లలో మోతాదు ఎక్కడికో పోతుంది. వాడగా మిగిలింది కూల్‌డ్రింకు సీసాలోకో, నీళ్ల సీసాలోకో మారి బాత్రూం గట్టు మీదో, మెట్ల కిందో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. పాత డబ్బా చెత్తలో పడిన రోజే మందు పేరు కూడా పోతుంది. జంతువు లోపలికి విషం పోతే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు లేకుండా పోయేది ఇక్కడే.

ఒకే మందు, నాలుగు వందల రెట్ల తేడా

చెదలకు, పిండినల్లికి విరివిగా వాడే క్లోరిపైరిఫాస్ 20 శాతం మందునే చూడండి. డబ్బాలో ఒక మి.లీ.కి 200 మి.గ్రా. విషం ఉంటుంది. లీటరుకు 2.5 మి.లీ. చొప్పున కలిపిన ద్రావణంలో ఒక మి.లీ.కి అర మి.గ్రా. మాత్రమే ఉంటుంది. తేడా నాలుగు వందల రెట్లు. మందు కొట్టి ఆరిన ఆకును కుక్క నాకితే లోపలికి పోయేది చాలా స్వల్పం. మూత సరిగా బిగించని సీసా దొర్లి కారిన మందు పాదాలకు అంటి, దాన్ని నాకితే లెక్క పూర్తిగా మారిపోతుంది.

అందుకే ‘ఈ మందు ప్రమాదమా కాదా’ అనే ప్రశ్నతో పెద్ద ప్రయోజనం లేదు. మందు ఏ రూపంలో ఉంది, ఎంత చిక్కగా ఉంది, జంతువు బరువెంత, తినాలనిపించే వాసన ఉందా అన్నవి అడగాలి. పెరట్లో విషం లోపలికి పోయే ఘటనల్లో వాసన పాత్రను జనం చాలా తక్కువగా అంచనా వేస్తారు.

తిండి వాసన వేసే విషాలు

గుళికల మందుల్లో కార్బోఫ్యూరాన్ 3 శాతం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఎలుకల్లో దీని ప్రాణాంతక మోతాదు కిలో బరువుకు సుమారు 8 మి.గ్రా. ఆ లెక్కన 10 కిలోల కుక్కకు 80 మి.గ్రా., అంటే మూడు గ్రాముల లోపు గుళికలు. కుక్క అంతకు కాస్త ఎక్కువ తట్టుకుంటుందని అనుకున్నా, టీ చెంచాడు గుళికలు ప్రాణం తీయగలవు. ఫోరేట్ గుళికలు దీనికన్నా ఘోరమైనవి. 2018లో వచ్చిన కేంద్ర ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి వాటిపై నిషేధం ఉంది. అయినా పాత గోదాముల్లో, పశువుల కొట్టాల అటకల మీద మిగిలిన సంచులు ఉండవచ్చు.

ఇసుకలాంటి గుళికలను కుక్క ఎందుకు తింటుంది? నేరుగా తినదు. తీరప్రాంతంలో మొక్కల మొదట్లో రొయ్యల తలకాయలు, చేపల వ్యర్థాలు పాతిపెట్టే అలవాటు ఉంది. కొందరు ఎముకల పిండి కూడా వేస్తారు. అదే పాదులో గుళికలు చల్లితే కుక్క వాసన పట్టి తవ్వుతుంది, మట్టితో పాటు గుళికలూ లోపలికి పోతాయి. చేపల ఎరువు, గుళికల మందు ఒకే పాదులో కలవడం పెరట్లో జరిగే అతి ప్రమాదకరమైన తప్పు అనవచ్చు.

పొగాకు లద్దెపురుగుకు పెట్టే విషపు ఎర ఇంకో రకం. తవుడు, బెల్లం కలిపి, పురుగుమందు పట్టించి, ఉండలుగా చేసి సాయంత్రం సాళ్ల మధ్య వేస్తారు. పురుగు రాత్రి పూట బయటికొచ్చి తినాలన్నది దీని ఉద్దేశం. కానీ తవుడు, బెల్లం పశువుకూ, మేకకూ, కోడికీ, కుక్కకూ ఇష్టమే. పొలంలో మనుషులకు దూరంగా పనికొచ్చే ఈ పద్ధతిని ఇంటి పక్క దొడ్లోకి తేకూడదు. ఇందులో చాలాకాలం వాడిన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఆంక్ష పెట్టారు. కూరగాయల దొడ్డికి ఆ కారణంగా కూడా అది పనికిరాదు.

నత్తలకు వేసే మెటాల్డిహైడ్ గుళికలది కూడా ఇదే కథ. నత్తలను రప్పించడానికి వాటిలో ధాన్యపు పిండి కలుపుతారు. తిన్న కుక్కకు ఒకటి రెండు గంటల్లో వణుకు, ఫిట్స్ మొదలై ఒంటి వేడి ప్రమాదకర స్థాయికి చేరుతుంది.

ఎలుకల మందులో మూడు రకాలు, మూడు దారులు

ఎలుకల మందు తిన్నదని చెబితే డాక్టరుకు సగం సమాచారమే అందినట్టు. వరి పండే నెల్లూరు జిల్లాలో ఎలుకల మందు లేని ఇల్లు తక్కువ. బజారులో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. అవి పనిచేసే తీరు ఒకదానికొకటి పొంతన లేనిది.

జింక్ ఫాస్ఫైడ్ బూడిద నలుపు పొడి, వెల్లుల్లి లాంటి వాసన. నూకలకు నూనె పట్టించి 2 శాతం కలుపుతారు. కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. చంపేది ఆ వాయువే. కుక్కకు కిలోకు 20 నుంచి 40 మి.గ్రా. ప్రాణాంతకం. అంటే 10 కిలోల కుక్కకు 10 నుంచి 20 గ్రాముల ఎర, పిడికెడు కూడా కాదు. లక్షణాలు పావుగంట నుంచి నాలుగు గంటల్లో కనిపిస్తాయి. ఇక్కడ అన్నం, పాలు పెట్టడం ప్రమాదం. తిండి పడగానే కడుపులో ఆమ్లం ఊరి వాయువు ఇంకా పెరుగుతుంది. కుక్క కక్కుకుంటే వచ్చే వాయువు మనిషికీ విషమే. కాబట్టి మూసిన గదిలో, అద్దాలెత్తిన కారులో ఉంచకూడదు.

బ్రోమడయోలోన్ బిళ్లల్లో విషం 0.005 శాతమే. ఇది రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె చక్రాన్ని ఆపుతుంది. ఒంట్లో అప్పటికే ఉన్న గడ్డకట్టే పదార్థాలు ఖర్చయ్యేదాకా జంతువు మామూలుగానే తిరుగుతుంది. మూడు నుంచి ఐదు రోజులకు నీరసం, పాలిపోయిన చిగుళ్లు, దగ్గు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తాయి. అప్పటికి బిళ్ల తిన్న సంగతి ఇంట్లోవాళ్లకు గుర్తుండదు. నిజానికి ఈ మూడింటిలో కాపాడటం తేలికైనది ఇదే. విటమిన్ కె1 మాత్రలు సాధారణంగా నాలుగు వారాల పాటు వాడాలి. వారానికే కోలుకుందని ఆపేస్తే మళ్లీ రక్తస్రావం మొదలవుతుంది, ఎందుకంటే ఎలుకల మందు కాలేయంలో అన్ని రోజులు నిల్వ ఉంటుంది. చచ్చిన ఎలుకను తిన్న పిల్లికి ముప్పు వచ్చేది కూడా ఈ నిల్వ వల్లే.

మూడోది పేస్టు రూపంలోని పసుపు భాస్వరం. మొదట వాంతులు, తర్వాత ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టు కనిపించి, ఆపై కాలేయం దెబ్బతింటుంది. దీనికి నేరైన విరుగుడు లేదు. రొట్టెముక్కకో టమాటా ముక్కకో పూసి మూలన పెట్టే ఈ పేస్టు పెంపుడు జంతువు ఉన్న ఇంట్లో ఉండనే కూడదు.

‘సేంద్రియం’ అన్నంత మాత్రాన

రసాయనాలు వద్దనుకున్న మిద్దె తోటల్లో ప్రమాదం వేరే సంచిలో ఉంటుంది. ఆముదం గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండిలో రైసిన్ అనే విషం ఉండిపోతుంది. అది నూనెలోకి పోదు, పిండిలోనే ఉంటుంది. మిల్లులో తగిన వేడి తగిలితే చాలావరకు నశిస్తుంది. తగలకపోతే నశించదు. ఏ సంచిలో ఎంత మిగిలిందో చూసి చెప్పలేం. వేపపిండి చేదుకు కుక్క ముట్టదు, ఆముదం పిండిని ఇష్టంగా తింటుంది. తిన్న కొన్ని గంటల నుంచి ఒక రోజులోగా వాంతులు, రక్తపు విరేచనాలు మొదలవుతాయి. దీనికీ విరుగుడు లేదు. సెలైన్‌తో నిలబెట్టడమే చికిత్స. కుక్క ఉన్న ఇంట్లో ఆముదం పిండి బదులు వేపపిండి వాడితే మొక్కకు పెద్ద నష్టమేమీ ఉండదు.

ప్రకాశం జిల్లాలో పొగాకు కాడలు, రాలిన ఆకు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి పొగాకు కషాయం పాత అలవాటే. ప్రకృతి సేద్యంలో చెప్పే అగ్నిఅస్త్రంలోనూ పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకుతో పాటు పొగాకు ఉంటుంది. ఎండు పొగాకులో నికోటిన్ సుమారు 1 నుంచి 3 శాతం. అరకిలో ఆకును నాలుగున్నర లీటర్ల నీటిలో నానబెడితే, నికోటిన్ అంతా దిగిందనుకుంటే, ఒక మి.లీ.కి సగటున రెండు మి.గ్రా. ఉండవచ్చు. కుక్కకు కిలోకు ఒక మి.గ్రా. నుంచే లక్షణాలు వస్తాయి, సుమారు 10 మి.గ్రా. ప్రాణాంతకం. 10 కిలోల కుక్క ఆ బకెట్టులో 50 మి.లీ. తాగితే చాలు. నికోటిన్ తనంతట తానే వాంతి తెప్పించడం వల్ల చాలా కుక్కలు బయటపడతాయి గానీ, ఎండాకాలం మిద్దె మీద మూత లేని కషాయం బకెట్టు ఉంటే దాహం వేసిన జంతువు దాన్ని వదలదు.

త్రికోణం రంగు చెప్పేది, చెప్పనిది

1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీద రంగు త్రికోణం ఉండాలి. నోటి ద్వారా ప్రాణాంతక మోతాదు కిలోకు 50 మి.గ్రా. లోపైతే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. ఇది ప్రయోగశాల జంతువుల, ముఖ్యంగా ఎలుకల కొలత. మనిషికి హెచ్చరికగా పనికొస్తుంది. జాతుల మధ్య తేడా మాత్రం ఇందులో కనిపించదు.

ఆ తేడాలు చిన్నవి కావు. కలుపుమందు 2,4-డి లాంటి ఆమ్లాలను కుక్క మూత్రపిండాలు మెల్లగా మాత్రమే బయటికి పంపగలవు కాబట్టి దానిమీద ప్రభావం ఎక్కువ. ఫిప్రోనిల్ కుక్కలకు, పిల్లులకు గోమార్ల మందుగా డాక్టర్లే రాస్తారు, అదే కుందేలుకు ప్రాణాంతకం. పారాక్వాట్ కలుపుమందుకు ఏ జంతువులోనూ విరుగుడు లేదు. ఊపిరితిత్తులు రోజుల తరబడి గట్టిపడిపోతాయి. పెరట్లో గడ్డి తీయడానికి కొడవలి ఉండగా పారాక్వాట్ తేవడం అర్థంలేని పని. గ్లైఫోసేట్ దానితో పోలిస్తే చాలా నయం. అందులో కలిపే జిగురు పదార్థం కడుపును రేపుతుంది కాబట్టి తడి గడ్డి మీదికి మాత్రం జంతువును వదలకూడదు.

పిల్లి కాలేయంలో కొన్ని విషాలను కరిగే రూపంలోకి మార్చి బయటికి పంపే ఎంజైము తగినంత ఉండదు. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ తరగతి మందులు కుక్కకు పెద్దగా అపకారం చేయని మోతాదులోనే పిల్లికి వణుకు, ఫిట్స్ తెప్పిస్తాయి. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కాబట్టి బొచ్చుకు అంటిన ప్రతి చుక్కా కడుపులోకే పోతుంది. కుక్క మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి వేయడం ప్రపంచమంతటా పిల్లుల చావుకు తెలిసిన కారణం. ఈ తరగతి మందులు చేపలకూ మహా విషం. గదిలో దోమల మందు కొడితే అక్వేరియం గాలి పంపు ఆ గాలినే నీటిలోకి తోస్తుంది. పంపు ఆపి, తొట్టి కప్పాకే కొట్టాలి.

గోమార్లకు పొలం మందు

గోమార్లకు, కొన్నిచోట్ల పిడుదులంటారు, పొలం మందు నీళ్లలో కలిపి కుక్కకు పూయడం పల్లెల్లో ఉన్నదే. ఆ మందుల్లో కలిపే నూనెలాంటి ద్రావకం విషాన్ని చర్మం గుండా లోపలికి చేరవేస్తుంది, పుండు ఉంటే ఇంకా వేగంగా. పశువులకని అమ్మే అమిట్రాజ్ 12.5 శాతం మందు కూడా తగినంత నీళ్లు కలపకుండా వాడితే గుండె వేగం పడిపోయి జంతువు మత్తులోకి పోతుంది. పిల్లికి, చిన్న కూనలకు అది వాడనే కూడదు. కొలత తెలియక వాడేకంటే కుక్కల కోసమే తయారైన మందు కొనడం చవక, ఒక రాత్రి సెలైన్ ఖర్చుతో పోలిస్తే.

మొదటి గంట

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బోఫ్యూరాన్ లాంటి కార్బమేట్లు నరాల చివర సంకేతాన్ని మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని తుడిచేసే ఎంజైమును పట్టేస్తాయి. నరాల సంకేతం ఆగదు. చొంగ, కన్నీళ్లు, వాంతి, విరేచనం, మూత్రం అదుపు తప్పుతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి ఆగుతుంది. విరుగుడు అట్రోపిన్. ఆర్గానోఫాస్ఫేట్ అయితే ప్రాలిడాక్సిమ్ కూడా ఇస్తారు. కానీ గంటలు గడిచేకొద్దీ ఎంజైముకు పట్టిన విషం విడదీయరానిది అవుతుంది, అప్పుడు ప్రాలిడాక్సిమ్ పెద్దగా పనిచేయదు. పిల్లికి క్లోరిపైరిఫాస్ సోకితే మొదట ఏమీ లేనట్టుండి, తర్వాత వారాల తరబడి నీరసం, తిండి మానేయడం కూడా ఉంటుంది.

ఇంట్లో సాధారణంగా జరిగేది వేరు. చింతపండు రసం పోస్తారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఇటీవలి ఏళ్లలో తేలింది. ఉప్పునీళ్లు పోస్తే రక్తంలో సోడియం పెరిగి మెదడు ఉబ్బుతుంది. పేడనీళ్లు, సబ్బునీళ్లు వాంతి కోసం పోస్తే, అప్పటికే మింగడం కష్టమైన జంతువుకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నూనె ద్రావకంతో ఉన్న మందు తాగినప్పుడు వాంతి చేయించడమే తప్పు. వాంతిలో వచ్చే ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే విషం కన్నా ముందు అదే చంపుతుంది. పాలు, నూనె, నెయ్యి విరుగుడు కావు.

చేయవలసింది కొంచెమే. జంతువును మందుకు దూరంగా, గాలి ఆడే చోటికి తేవాలి. ఒంటికి అంటితే చేతికి తొడుగులు వేసుకుని గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే ద్రవంతో రెండుసార్లు కడిగి తుడవాలి. వేడినీళ్లు చర్మపు రక్తనాళాలను తెరిచి విషాన్ని లోపలికి లాగుతాయి, కిరోసిన్ అంతకన్నా చెడ్డది. పిల్లి నాక్కోకుండా తువ్వాలులో చుట్టాలి. ఫిట్స్ వస్తుంటే స్నానం, నోట్లో చేయి రెండూ వద్దు. డబ్బాను, లేదంటే దాని లేబుల్ ఫోటోను, వాంతి కొంచెం గాజు సీసాలో తీసుకుని బయలుదేరాలి. దారిలోనే ఫోన్‌లో చెప్పవలసినవి నాలుగు: మందు పేరు, శాతం; జంతువు బరువు; ఎంత, ఎప్పుడు తిన్నది; ఇప్పుడు కనిపిస్తున్న లక్షణాలు. జింక్ ఫాస్ఫైడ్ అని అనుమానముంటే అది ముందే చెబితే ఆసుపత్రి సిబ్బంది కిటికీలు తెరిచి సిద్ధంగా ఉంటారు.

పల్లెల్లో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడి దగ్గర సమాచారం దొరుకుతుంది, 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి తెలుస్తుంది. అయితే ఆర్గానోఫాస్ఫేట్ కేసులో అట్రోపిన్ ఒక్కసారి ఇచ్చి పంపేస్తే చాలదు. చొంగ ఆరేదాకా మళ్లీ మళ్లీ ఇవ్వాలి. అందుకే బండి కోసం ఎదురుచూసేకంటే రాత్రంతా ఉంచుకునే ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఉండటం మంచిది. నెల్లూరు వైపు వాళ్లకు తిరుపతి పశువైద్య కళాశాల కూడా ఒక దారి. విషమ స్థితిలో ఉన్న జంతువును అంత దూరం తీసుకెళ్లే ముందు దగ్గరి డాక్టరు చేత మొదటి ఇంజెక్షన్ పడాలి.

పెరట్లో మార్చుకోవలసినవి

పిండినల్లి, పేనుబంక కుండీ మొక్కల మీద పడితే మొదట నీటి ధారతో కొట్టి, ఆపై లీటరుకు 5 మి.లీ. వేపనూనె కొద్దిగా సబ్బు ద్రావణంతో కలిపి కొడితే చాలాసార్లు సరిపోతుంది. తెల్లదోమకు పసుపు, తామరపురుగుకు నీలం జిగురు అట్టలు ఉన్నాయి. లద్దెపురుగులు నాలుగు కుండీల్లో ఉంటే చేత్తో ఏరడమే తక్కువ పని.

మందు తప్పనిసరి అయితే ఒక మి.లీ. సిరంజితో కొలవాలి. నీళ్ల గిన్నెలు, తిండి పళ్లేలు, పడక బట్ట లోపల పెట్టి, సాయంత్రం గాలి తగ్గాక కొట్టి, ఆకు పూర్తిగా ఆరేదాకా, వీలైతే మర్నాటి పొద్దుటిదాకా, జంతువును అటు పంపకూడదు. నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఆకు ఆరడానికి చాలా ఆలస్యమవుతుంది, ఆ రోజుల్లో వాన వెలిసే దాకా ఆగడమే నయం. గుళికలను అంగుళం పైన లోతులో వేసి, మట్టి కప్పి, నీళ్లు పెట్టి, పైన కోళ్ల వల పరిస్తే తవ్వడం ఆగుతుంది. ఎలుకల బిళ్లను తాళం ఉన్న ఎర పెట్టెలో పెట్టాలి. ఎన్ని పెట్టారో రాసుకుని పొద్దున్నే లెక్క చూసి, చచ్చిన ఎలుకల్ని ఏరి పాతేయాలి.

ఖాళీ అయిన డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి వాడేసి, డబ్బాకు చిల్లులు పెట్టాలి. కడిగిన నీటిని కాలువలో పోస్తే చేపలకు, దిగువన రొయ్యల చెరువులు ఉంటే వాటికీ హాని. మిగిలిన మందును వేరే సీసాలోకి మార్చకుండా అసలు డబ్బాలోనే, మూత బిగించి, తాళం వేసిన చెక్క పెట్టెలో ఉంచాలి. పేరు చెరిగిపోయిన డబ్బా ఏదైనా దొరికితే అందులో ఏముందో ఊహించి వాడకూడదు.